పై అంచు ఎవరు కోశారు?

ఒక పాత ఫ్రెంచి బొమ్మ అమ్మకానికి వచ్చింది. వ్యాపారి అచ్చువేసిన పట్టికలో దాని ఫొటో చూశాను. 16వ శతాబ్దపు స్త్రీ ముఖం. కింద పెద్ద అక్షరాల్లో ‘క్లూయే సంప్రదాయం’. దానికింద చిన్నగా ‘అజ్ఞాత మహిళ’. ఇంకా చిన్నగా ‘పై అంచు కత్తిరించబడినది’. ఎవరు కత్తిరించారో చెప్పకుండా తప్పించుకోడానికి కర్మణి ప్రయోగం ఎంత బాగా పనికొస్తుందో చూడండి! నా తగవు ఈ మూడో మాటతోనే.

చాక్ అనగానే మనకు బడిలో సుద్దముక్క గుర్తొస్తుంది. ఈ బొమ్మలు గీసింది దాంతో కాదు, నేలలో దొరికే నల్లరాయితో, జేగురురాయితో. కళ్ళకీ జుట్టుకీ నలుపు, బుగ్గకీ పెదవికీ జేగురు. మనిషి ఎదురుగా కూర్చున్న కాసేపట్లో ముఖం పట్టుకోవాలి కనుక బట్టలు నాలుగు గీతలతో సరిపెట్టేవారు. రాజాస్థాన చిత్రకారులు జాన్ క్లూయే గాని, ఆయన కొడుకు ఫ్రాన్స్వా గాని వీటిమీద సంతకం పెట్టడం అరుదు. కాగితమ్మీద కనిపించేది ఆ ముఖం ఎవరిదో వారి పేరు. రాణి కాథరిన్ ద మెదిచి ఇలాంటివి వందలకొద్దీ పోగుచేసి, కొన్నిటిమీద తానే పేర్లు రాసుకుంది. దూరంగా పెరుగుతున్న తన పిల్లల బొమ్మలు కూడా గీయించి పంపమని కోరిన తల్లి ఆమె.

ఇప్పుడు అంతా తారుమారు. గీసినవాడి పేరుకే ధర. గీయించుకున్న మనిషి అజ్ఞాత!

‘ఆ రాతల్లో తప్పులున్నాయి, పోతే పోయింది’ అంటారు వ్యాపారులు. తప్పులున్న మాట నిజమే. నేను యానాంవాణ్ణి. 1954 దాకా మా ఊరు ఫ్రెంచివారి ఏలుబడిలో ఉండేది. మా తాతల పేర్లు వాళ్ళ జనన మరణ రిజిస్టర్లలో నోరు తిరగని వర్ణక్రమంతో ఉన్నాయి. వంకరగా ఉన్నాయని ఆ పుటలు కోసేస్తే ఊరుకుంటామా? తప్పుగా రాసిన పేరైనా వెతికేవాడికి ఒక దారి చూపిస్తుంది. కోసేసిన అంచు ఏ దారీ చూపదు.

‘కొనేవాళ్ళుండబట్టే ఇవి మిగిలాయి’ అనేది వాళ్ళ రెండో వాదం. ఒప్పుకుంటాను. ఇంగ్లండులో కార్లైల్ ప్రభువుల ఇంట మూడు వందల పైచిలుకు బొమ్మలు ఒక్కచోట ఉండబట్టే 1889లో ఒమాల్ ప్రభువు వాటన్నిటినీ కొని షాంతియీకి తెచ్చుకోగలిగాడు. ఇవాళ అక్కడి మ్యూజియంలో ఒక ముఖం పక్కన ఇంకో ముఖం పెట్టి పోల్చుకోవచ్చు. మరి ఆల్బం విప్పి ఆకు ఆకుగా అమ్మేవాడు ఈ ఉదాహరణ ఏ ముఖం పెట్టుకుని చెబుతాడు?

ఫ్రాన్సులో చట్టాలు లేకపోలేదు. జాతీయ నిధి అనుకున్నదాని ఎగుమతిని 30 నెలలు ఆపవచ్చు. వేలంపాట ముగిశాక ప్రభుత్వ ప్రతినిధి లేచి, అదే ధరకు ప్రభుత్వమే తీసుకుంటుందని చెప్పవచ్చు. మంచివే. కాని అప్పటికి ఆకు ఎప్పుడో విడిపోయి ఉంటుంది.

అందుకే అడుగుతున్నాను. ఆ ఆకు ఏ ఆల్బం లోది? ఎవరెవరి చేతులు మారింది? అంచు ఎన్ని అంగుళాలు పోయింది? వెనకవైపు రాత ఏమైనా ఉందా? ఉంటే దాని ఫొటో ఏది? ఇవి అచ్చువెయ్యని పట్టిక చూసి పైసా ఇవ్వకండి.