మన నోటి మాటతో పండిన పరిశోధన

మా అమ్మకు డెబ్బయ్యెనిమిదేళ్లు నిండిన ఏడు, పొయ్యిమీద పాలు పెట్టి మరచిపోవడం మొదలైంది. మొదట నవ్వుకున్నాం. మా వీధిలోనే ఇల్లు తప్పి నిలబడిపోయిన నాటితో ఆ నవ్వు ఆగిపోయింది. బాగేపల్లి నుంచి బస్సులో తీసుకొనిపోయి పెద్ద ఊళ్లో ఒక ఆసుపత్రిలో చూపించాను. పరీక్షించిన యువకుడు మర్యాదస్థుడే. కన్నడంలో అడిగాడు, నడుమ నడుమ ఇంగ్లీషు కలిపాడు. ఇవాళ ఏ వారం, ఇది ఏ నెల, నేను చెప్పే మాటలు గుర్తుంచుకొని తిరిగి చెప్పండి, ఒక్క నిమిషంలో ఎన్ని జంతువుల పేర్లు చెప్పగలరో చెప్పండి, ఇవీ ప్రశ్నలు. అమ్మకు కన్నడం బొత్తిగా రాదని కాదు. సంతలో బేరమాడడానికి, బస్సులో టిక్కెట్టు తీసుకోవడానికి కావలసినంత వచ్చు. అయినా నాలుగు జంతువుల దగ్గర ఆగిపోయి నా ముఖం చూసింది. జబ్బు బాగా ముదిరిందని కాగితంమీద రాసి ఇచ్చారు.

తిరుగు బస్సులో, చిక్కబళ్లాపురం దాటిన తరువాత, ఊరకే అడిగాను. "అమ్మా, ఈ పొద్దు ఏం వారం?" అని. "బేస్తవారం గదరా, అదీ తెలీదా నీకు?" అంది. పేరేసంద్ర దాటేలోపల ఎనుము, దూడ, గొర్రె, మేక, కుందేలు, ఉడుత, ముంగిస, పందికొక్కు అంటూ పద్నాలుగు పేర్లు చెప్పింది. జబ్బు లేదని నేననడం లేదు. ఉంది. తెలుగు తెలిసిన వైద్యుడొకరు తరువాత చూసి, ఇంకా తొలిదశలోనే ఉందన్నారు. ఆ రెండు తీర్పుల నడుమ మేము పోగొట్టుకున్నది మూడు నెలల కాలం, అంతకు మించి ధైర్యం.

బెంగళూరులో జీవశాస్త్రం చదువుతున్న మా తమ్ముడి కూతురు ఆ రోజుల్లోనే సెలవులకు వచ్చింది. ఈ జబ్బుమీద పనిచేస్తున్నవారి పరిశోధనపత్రాల జాబితాలను కంప్యూటరులో తెరచి చూస్తూ, ఒక పేరు దగ్గర ఆగి, "పెద్దనాన్నా, ఇది మన సంగతే" అంది. ఆ పేరు డాక్టర్ సువర్ణ అల్లాడి. హైదరాబాదు నిమ్స్‌లో నాడీవైద్యురాలిగా పనిచేసి, ఆ తరువాత బెంగళూరు నిమ్హాన్స్‌కు ఆచార్యులుగా వచ్చినవారు. ఆమె జాబితాలో అన్నిటికంటె ఎక్కువగా ఉదహరింపబడిన పత్రాలలో ఒకటి 2013లో అమెరికా నాడీవైద్యుల సంఘం పత్రిక 'న్యూరాలజీ'లో అచ్చయింది. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయానికి చెందిన థామస్ బాక్, ఉస్మానియా భాషాశాస్త్రజ్ఞులు దుగ్గిరాల వసంత, హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలోని సూరంపూడి బాపిరాజు మొదలైనవారు ఆమెతో కలిసి రాసినది. ఇప్పటికి వందలసార్లు ఇతర పరిశోధకులు దానిని ఉటంకించారు.

ఉటంకింపు అంటే ఏమిటో ముందు చెప్పాలి. ఒక పరిశోధకుడు తన పత్రం రాసేటప్పుడు తనకు ముందు ఎవరు ఏమి కనుగొన్నారో పేరుపెట్టి చెప్పుకోవడం ఆ వృత్తిలో నియమం. యూజీన్ గార్‌ఫీల్డ్ అనే అమెరికన్ 1964లో ఆ ప్రస్తావనలన్నిటినీ పోగుచేసి సూచికగా అచ్చువేయనారంభించాడు. నాటినుంచి లెక్కించడం అలవాటైంది. 2005లో హోర్హే హిర్ష్ అనే భౌతికశాస్త్రజ్ఞుడు ఒక్క అంకెలో మనిషి కృషినంతా చెప్పే హెచ్-ఇండెక్స్ అనే కొలత తెచ్చాడు. ఇరవై పత్రాలు ఒక్కొక్కటి కనీసం ఇరవైసార్లు ఉటంకింపబడితే ఆ అంకె ఇరవై. ఉద్యోగాలు, పదోన్నతులు, నిధులు చాలాచోట్ల ఈ అంకెల చుట్టూనే తిరుగుతున్నాయి. పత్రికలను తూచే ఇటువంటి అంకెలమీద ఇంత తూకం పెట్టడం తప్పని శాస్త్రపత్రికల సంపాదకులు, ప్రచురణకర్తలే 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో సమావేశమై ప్రకటన రూపొందించారు. ఆ వాదంలోకి నేను పోను. నా ప్రశ్న వేరు.

ఆ పత్రాన్ని లోకం అంతగా ఎందుకు పట్టించుకొన్నది? 2007లో కెనడాలోని టొరంటోలో ఎలెన్ బియాలిస్టాక్ బృందం 184 మంది రోగులను పరిశీలించి, రెండు భాషలవారికి డిమెన్షియా అనే ఈ మతిమరుపు జబ్బు 4.1 ఏళ్లు ఆలస్యంగా కనిపిస్తున్నదని చెప్పింది. అయితే అక్కడ రెండు భాషలవారిలో చాలామంది వలస వచ్చినవారు. దేశం దాటి రాగల సత్తువ ఉన్నవారికి జబ్బు ఆలస్యమవడం భాషవల్లనా, ఆ సత్తువవల్లనా? చదువుమాట ఏమిటి? ఈ చిక్కుముడిని విప్పడానికి వలసతో పనిలేకుండా, పుట్టిన చోటనే రెండు భాషలు మాట్లాడే జనం కావాలి. ఆ జనంలో బడి ముఖం చూడనివారు కూడా ఉండాలి. అటువంటి జనం హైదరాబాదులో ఉన్నారు. ఇంట్లో తెలుగు, బజారులో దక్కనీ, కార్యాలయంలో ఇంగ్లీషో హిందీయో.

నిమ్స్‌లో 2006 నుంచి 2012 వరకు చూసిన 648 మంది రోగుల వివరాలు తీశారు. వారిలో 391 మంది ఒకటికంటె ఎక్కువ భాషలవారు. ఒక్క భాషవారికి సగటున 61.1 ఏళ్లకు జబ్బు మొదలుకాగా, వీరికి 65.6 ఏళ్లకు మొదలైంది. నాలుగున్నర ఏళ్ల తేడా. అక్షరం రానివారిని వేరుచేసి చూసినా తేడా పోలేదు, ఆరేళ్లకు పెరిగింది. బడికి పోని మా అమ్మవంటి మనుషులు తమ నోటిమాటతో ప్రపంచంలోని ఒక శాస్త్రవివాదానికి సాక్ష్యం చెప్పారన్నమాట. తరువాత అదే బృందం పక్షవాతం వచ్చిన 608 మందిని చూసింది. బుద్ధిశక్తి చెక్కుచెదరనివారు రెండు భాషలవారిలో నూటికి 40.5 మంది, ఒక్క భాషవారిలో 19.6 మంది. 2024లో బెంగళూరు నగరంలో అరవై దాటిన 1,234 మందితో వెలువడిన పత్రంలో డిమెన్షియా ఒక్క భాషవారిలో నూటికి 4.9, రెండు భాషలవారిలో 0.4.

మన ఉద్యమంలో ఉన్నవారు ఈ అంకెలు చూడగానే జెండాకు కట్టుకోవాలని ఉత్సాహపడతారు. నాకూ అనిపించింది. కాస్త ఆగాలి. వందల ఉటంకింపులంటే వందల అంగీకారాలు కావు. అందులో కాదన్నవారూ ఉంటారు. న్యూయార్కులో స్పానిషు మాట్లాడే వృద్ధులను ఏళ్ల తరబడి గమనించి 2014లో రాసినవారికి ఇటువంటి ఆలస్యం కనిపించలేదు. ద్విభాషలవల్ల మేలని తేలిన పనులే సులువుగా అచ్చుకెక్కుతున్నాయని 2015లో హెచ్చరించినవారు ఎడిన్‌బరోవారే. పైగా 2013 పత్రం మనకొక చేదునిజం కూడా చెప్పింది. రెండు భాషలకు మించి మూడో భాషవల్ల అదనపు లాభం కనిపించలేదు. అంటే చింతామణిలో ఇంటా బయటా కన్నడం, ఇంగ్లీషు మాత్రమే మాట్లాడే పిల్లవాడు కూడా రెండు భాషలవాడే. తెలుగును ఇంట్లోనుంచి వెళ్లగొట్టవద్దని ఆ పత్రం మన తరఫున వాదించదు. ఆ వాదన మనమే చేయాలి, వేరే కారణాలతో.

అయితే రెండు భాషలు నేర్పితే పిల్లలు తికమకపడతారని, ఇంట్లో తెలుగు మానేయమని తల్లులకు బోధించే ఉపాధ్యాయులు మన తాలూకాలలో ఉన్నారు. వారి ముందు పెట్టడానికి ఈ పత్రం చాలు. డబ్బు పెట్టి కొనలేనిది, బడికి పోనివాడికి సైతం దొరికేది రెండో భాష ఒక్కటే. కైవారం తాతయ్య తెలుగులోనూ కన్నడంలోనూ పాడాడు. ఆయన ఆరాధనకు వచ్చేవారెవరూ ఏది ఏ భాష అని లెక్కపెట్టి తికమకపడినట్టు నేను చూడలేదు.

ఇక నా ప్రశ్న. పై పత్రాలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. అది శాస్త్రజ్ఞుల తప్పు కాదు, లోకమంతా చదవాలంటే అదే దారి. కాని 2013లో అచ్చయిన సంగతి నా చెవిని పడడానికి ఏళ్లు పట్టింది, అదీ మా ఇంటి పిల్ల చెబితే. ఈ వ్యాసంలో నేను ఆ పత్రాన్ని ఇన్నిసార్లు ప్రస్తావించాను గదా, డాక్టర్ అల్లాడి గారి లెక్కలో దీనివల్ల ఒక్కటీ పెరగదు. ఏ రోగుల మాటలతో ఆ పత్రం పుట్టిందో వారి బిడ్డలు దానిని తమ భాషలో చదివి లాభపడ్డారా అన్నది ఏ సూచికలోనూ గడి లేని సంగతి. శాస్త్రజ్ఞులు తమలో తాము ఎంత మాట్లాడుకొన్నారో ఆ అంకె చెబుతుంది. అంతవరకే.

ఇది హైదరాబాదు ముచ్చట అనుకోవద్దు. చింతామణికి ఆనుకొని ఉన్న శ్రీనివాసపుర తాలూకా పల్లెలలో బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థలోని మెదడు పరిశోధన కేంద్రం 2018 నుంచి పెద్ద అధ్యయనం నడుపుతున్నది. నలభై అయిదేళ్లు దాటినవారిని పదివేలమందిని చేర్చుకొని, వారి మెదడు వయసుతో ఎలా మారుతుందో ఏళ్ల తరబడి చూడాలని సంకల్పం. ఆ పల్లెలు మన మాట మాట్లాడే పల్లెలు, మన చుట్టరికాలు ఉన్న పల్లెలు. గొప్ప పని, సహకరించాలి. సహకరిస్తూనే ఒకటి అడగాలి. అక్కడినుంచి వెలువడే ప్రతి పత్రానికి తెలుగులోనూ కన్నడంలోనూ రెండు పుటల సారం రాసి పంచాయతీ గోడకు అంటించాలి. ఇందుకు కావలసినది ఒక మనిషి, ఒక దినం పని.

రెండో కోరిక మన జిల్లా ఆసుపత్రులకు. భారత వైద్య పరిశోధన మండలి మతిమరుపును గుర్తించే పరీక్షల పేటికను హిందీ, బెంగాలీ, తెలుగు, కన్నడం, మలయాళం, ఈ అయిదు భాషలలో సిద్ధం చేయించింది. ఆ పనిలోనూ డాక్టర్ అల్లాడి గారిది ముఖ్యపాత్ర. పరికరం ఉన్నది, తెలుగులో ఉన్నది. చిక్కబళ్లాపురంలోనో చింతామణిలోనో ముసలితల్లిని కూర్చోబెట్టి ప్రశ్నించేవారు ముందు "అవ్వా, నీది ఏ మాట?" అని అడిగితే చాలు. వారు అడగకపోతే వెంట పోయిన కొడుకైనా చెప్పాలి. నేను ఆనాడు చెప్పలేదు. పెద్ద ఆసుపత్రిలో తెలుగు కావాలని అడగడానికి సిగ్గుపడ్డాను.

మా తమ్ముడి కూతురిని ఆ 2013 పత్రం సారం తెలుగులో రాసిపెట్టమన్నాను, మన ఊళ్లో పంచుదామని. తల వంచుకొంది. బడిలో కన్నడం, కళాశాలలో ఇంగ్లీషు చదివింది, తెలుగు అక్షరాలు రావు. "నువ్వు చెబుతూ పో, నేను రాసుకుంటాను" అన్నాను. మూడు సాయంత్రాలు పట్టింది. అమ్మ పక్కనే కూర్చుని విన్నది. రెండో సాయంత్రం, నిన్న చెప్పిందే మళ్లీ చెబుతున్నారేమిటని మమ్మల్ని కోప్పడింది.