సర్వర్‌కున్న పాటి విలువ పీజీ డాక్టర్‌కి లేదా?

మన ఆఫీసుల్లో అర్ధరాత్రి సర్వర్ పడిపోతే ఏం చేస్తాం? లేపాక, మర్నాడు అందరం కూర్చుని ఏం జరిగిందో మాట్లాడుకుంటాం. రాత్రంతా మేలుకున్నవాణ్ణి ఇంటికెళ్ళి పడుకోమంటాం (మేనేజర్ మంచివాడైతే!).

అదే ఓ పీజీ డాక్టర్ చేతుల్లో పేషెంట్ పోతే? ఐదు నిమిషాల్లో పక్క బెడ్ దగ్గరుండాలి. బంధువుల తిట్లు, పొద్దున రౌండ్స్‌లో ప్రొఫెసర్ గారి అక్షింతలు అదనం. ఏడిస్తే, "ఇంత సున్నితమైతే ఈ చదువెందుకు?" అంటారు.

రెసిడెంట్ల డ్యూటీ మామూలుగా వరసగా 12 గంటలు, వారానికి 48 గంటలు మించకూడదని కేంద్రం 1992లోనే చెప్పింది. 2024లో జాతీయ వైద్య కమిషన్ టాస్క్‌ఫోర్స్ 74 గంటలు మించొద్దంది. 32 ఏళ్ళలో హద్దు 26 గంటలు పెరిగిందన్నమాట! అదే ఏడాది కోల్‌కతా ఆర్.జి.కర్ ఆసుపత్రిలో హత్యకు గురైన ట్రైనీ డాక్టర్, సుదీర్ఘమైన డ్యూటీ మధ్యలో నడుం వాల్చింది సెమినార్ హాల్లో.

యోగా క్లాసులు, హెల్ప్‌లైన్ నంబర్లు మంచివే, కాదనను. కానీ ముందు కావల్సినవి రెండు. గడియ పడే గది. పేషెంట్ పోయిన రోజున "నీకేం రోగం?" అనకుండా "ఏం జరిగింది?" అని అడిగే సీనియర్. రెండోదానికి పైసా ఖర్చు లేదు.. మరెందుకు జరగట్లేదంటారు?