గడ్డిమోపు కనిపించని యాత్రా కథనాలు

ఔలీ వెళ్ళొచ్చి రాసేవాళ్ళంతా దాన్ని భూతల స్వర్గం అంటారు. చలికాలంలో స్కీయింగ్, ఎండాకాలంలో పచ్చిక, ఏ కాలమైనా ఎదురుగా నందాదేవి శిఖరం. నేనూ చూశాను, అందంగానే ఉంది. నా పేచీ ఆ అందంతో కాదు. ఒంటరిగా కొండెక్కడమే స్త్రీ స్వేచ్ఛ అని రాసుకుంటూ, అదే కొండమీద గడ్డి కోసుకునే స్త్రీని ఫోటోలో ఓ మూల రంగుమచ్చగా మిగిల్చే మన రాతలతో.

ఆ పచ్చికని అక్కడివాళ్ళు బుగ్యాల్ అంటారు. టూరిస్టులకి అది మంచు జారే వాలు, చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళకి పశువుల మేత. మగవాళ్ళు పనులు వెతుక్కుంటూ మైదానాలకి పోతే పొలం, పశువు, కట్టెలు, నీళ్ళు అన్నీ వాళ్ళ వీపుమీదే. 2022 జూలైలో, జోషిమఠ్‌కి దగ్గర్లోని హేలంగ్‌లో గడ్డిమోపులతో వస్తున్న స్త్రీలని పోలీసులు, భద్రతా సిబ్బంది అడ్డగించారు. మోపు లాక్కున్నారు. గంటల తరబడి నిర్బంధించారు. జలవిద్యుత్ ప్రాజెక్టు మట్టి పోసే స్థలమట అది! 2019 జూన్‌లో ఔలీ పచ్చిక మీద ఒక కోటీశ్వరుల కుటుంబం పెళ్ళి చేసి, క్వింటాళ్ళ కొద్దీ చెత్త వదిలిపోయింది. ఆ కొండమీద ఎవరి బరువు నేరమో, ఎవరి బరువు వేడుకో మరి.

రేణీ గ్రామం అక్కడికి ఎంతో దూరం లేదు. 1974 మార్చిలో నష్టపరిహారం పేరుతో మగవాళ్ళని చమోలీకి రప్పించి, చెట్లు నరకడానికి కూలీలని పంపితే, గౌరాదేవి, ఊరి ఆడవాళ్ళు అడ్డం నిలిచారు. చిప్కో మీద మన సెమినార్లలో పత్రాలకి కొదవలేదు. 2021 ఫిబ్రవరి 7న రిషిగంగ వరద ఆ ఊరిని తాకుతూ పోయి, 200 మందికి పైగా మృతులూ గల్లంతైనవారూ అయినప్పుడు మనలో ఎవరు రాశారు? ఎకోఫెమినిజానికి ఉదాహరణగా పనికొచ్చిన ఊరు, మనుషులు బతుకుతున్న ఊరుగా మనకి పనికిరాలేదు.

జోషిమఠ్ నిలబడింది పాత కొండచరియల మట్టిమీద, భారీ నిర్మాణాలొద్దని 1976లోనే మిశ్రా కమిటీ చెప్పింది. 2023 జనవరికి 800కి పైగా కట్టడాలు బీటలువారాయి. ఔలీ రోప్‌వే ఆగిపోయింది. సీజన్ పోయిందన్న హోటళ్ళ గోడు అందరికీ వినిపించింది. ఇల్లు ఖాళీ చేసి ఏదో ఒక గదికి మారమంటే ఆవుని ఎక్కడ కట్టెయ్యాలి? పరిహారం ఇంటి యజమానికి అంటే, ఆ కాగితాల మీద ఎవరి పేరుంటుంది?

వెళ్ళొద్దనడం లేదు. బదరీనాథ్ పోయే తెలుగువాళ్ళంతా ఆ ఊరి మీదుగానే పోతారు. దిగండి. గడ్డి ఇప్పుడెక్కడినుంచి తెచ్చుకుంటున్నారని ఒక్కరినైనా అడిగి రాయండి. స్కీయింగ్ రేట్లు ఎలాగూ హోటళ్ళవాళ్ళే బోర్డు మీద రాసి పెట్టుకుంటారు.