ఎలక్ట్రాన్‌కి ఎవరు చెప్తారు?

మొన్న ఆదివారం పొద్దున్నే మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. ఇంటర్ ఫస్టియర్. "అన్నయ్యా, ఒకే పరమాణువులో రెండు ఎలక్ట్రాన్లకి నాలుగు క్వాంటమ్ సంఖ్యలూ ఒకటే ఉండకూడదట కదా. అక్కడ సీటు నిండిపోయిందని రెండోదానికి ఎవరు చెప్తారు?"

"అది పౌలీ రూలు రా. అలాగే రాసెయ్, మార్కులొస్తాయి" అన్నాను. పెట్టేశాక సిగ్గేసింది. ఎంసెట్‌కి నేనూ అలాగే బట్టీ పట్టాను మరి.

మన ఫీల్డు వాళ్ళకి వెంటనే తట్టేది డేటాబేస్‌లో యూనిక్ కీ. నాలుగు కాలమ్స్ కలిపి ఒక కీ, డూప్లికేట్ వస్తే ఎర్రర్. పోలిక బాగుంది కానీ తప్పు. డేటాబేస్‌లో చెక్ చేసేది ఒకటుంటుంది. ప్రకృతిలో అలాంటి కాపలావాడు లేడు, నెట్టేసే ప్రత్యేకమైన బలమూ లేదు.

అసలు సంగతి ఒక మైనస్ గుర్తు. ఎలక్ట్రాన్లన్నీ అచ్చం ఒకటే. రెండింటినీ అటూ ఇటూ మారిస్తే వాటి వేవ్ ఫంక్షన్ గుర్తు మారుతుంది. ఫెర్మియాన్ల లక్షణమే అది. రెండూ ఒకే స్థితిలో ఉన్నాయనుకోండి. మార్చినా తేడా ఉండకూడదు, కానీ గుర్తు మారాలి. తన మైనస్‌కి తానే సమానమయ్యే సంఖ్య సున్నా ఒక్కటే. అంటే అలా జరిగే సంభావ్యతే సున్నా! ఫోటాన్ల లాంటి బోసాన్లకి గుర్తు మారదు, అందుకే లేజర్‌లో కోట్లకొద్దీ ఒకే స్థితిలో ఉంటాయి.

మరి ఎలక్ట్రాన్‌కే ఆ మైనస్ ఎందుకు? 1925లో నియమం చెప్పిన పౌలీయే, దానికీ స్పిన్‌కీ ఉన్న సంబంధాన్ని 1940లో గానీ నిరూపించలేకపోయాడు. దాన్ని తేలిక మాటల్లో చెప్పలేకపోతున్నామని ఫైన్‌మన్ తన లెక్చర్లలో ఒప్పుకున్నాడు. మావాడిది పిచ్చి ప్రశ్నేం కాదన్నమాట.

ఈ నియమం లేకపోతే ఎలక్ట్రాన్లన్నీ అడుగు మెట్టు మీదే చేరేవి, కెమిస్ట్రీ ఉండేది కాదు. పదార్థం కుప్పకూలకుండా నిలబడటానికి ఇదే ఆధారమని 1967లో డైసన్, లెనార్డ్ లెక్క కట్టి చూపించారు. సిలికాన్‌లో కింది బ్యాండ్ నిండి పైది దాదాపు ఖాళీగా ఉండటం కూడా దీని చలవే. మన జీతాలు నడిచేది ఆ సిలికాన్ మీదే కదా!

ఇంత పెద్ద విషయాన్ని రెండు మార్కుల ప్రశ్న చేసేశాం. మైనస్ గుర్తు కథకి పది నిమిషాలు చాలు, ఇంటర్ లెక్కలు చాలు.

సాయంత్రం ఫోన్ చేసి చెప్పాను. "ఇంతేనా? మరి పొద్దున చెప్పలేదేం?" అన్నాడు. లెక్చరర్ల మీదకి నెట్టేద్దామనుకున్నా గానీ, నోరు రాలేదు.