చప్పట్లు సరే, ఖర్చు ఎవరిది?

గ్యాస్ సిలిండర్ రేటు పెరిగితే మన ఫ్యామిలీ గ్రూప్‌లో రోజంతా చర్చే. విదేశాంగ విధానం అనగానే మాత్రం క్రికెట్ మ్యాచ్ చూసినట్టు చూస్తాం. ప్రశ్న అడిగినవాడు అవతలి టీమ్ మనిషైపోతాడు!

కానీ బయటి నిర్ణయాల బిల్లు కూడా ఇంటికే వస్తుంది. 2022 నుంచి మనం రష్యా చమురు భారీగా కొన్నాం. చౌకగా దొరికింది, కొన్నాం. తప్పేం లేదు. దాన్నే సాకుగా చూపి అమెరికా ఇంకో 25 శాతం సుంకం వేసింది. అలా 2025 ఆగస్టు 27 నుంచి మన సరుకుల్లో చాలావాటి మీద సుంకం 50 శాతం అయింది. దెబ్బ తగిలినవాళ్లలో భీమవరం రొయ్యల రైతులూ ఉన్నారు. మన రొయ్యలకి పెద్ద మార్కెట్ అమెరికానే మరి.

తలొంచమని నేనూ అనను. కానీ చమురులో మిగిలింది ఎవరికి, చెరువు దగ్గర పోయింది ఎవరికి అని అడగాలి కదా? సాగు చట్టాల మీద రైతులు ఢిల్లీ సరిహద్దుల్లో ఏడాది పాటు కూర్చుని అడిగారు. 2021లో ఆ చట్టాలు రద్దయ్యాయి.

ఈసారి విదేశీ వార్త షేర్ చేసేటప్పుడు "దీని ఖర్చు ఎవరిది?" అని కింద ఒక్క లైన్ రాయండి. గ్రూప్‌లో గొడవైనా పర్లేదు.