అమ్మ మందుల డబ్బాలో ఏముంది?

సార్నియాలోని తెలుగు కుటుంబాలకు,

సూపర్ వీసా మీద వచ్చే అమ్మానాన్నల సూట్‌కేసులో ఆవకాయ పక్కనే షుగర్ బిళ్ళల అట్టలుంటాయి. ఆవకాయ సంగతి ఊరంతా చెప్పుకుంటాం. బిళ్ళల సంగతి ఎవరూ అడగరు, మనమూ చెప్పం.

వాటిలో తరచుగా కనిపించేది విల్డాగ్లిప్టిన్. 2019 డిసెంబరులో పేటెంటు తీరాక ఇండియాలో దాని ధర బాగా పడిపోయింది. కెనడాలో మాత్రం అది అమ్మకంలోనే లేదు. చిక్కంతా అక్కడే: ఇక్కడి డాక్టరుకు ఆ పేరు తట్టకపోవచ్చు. గ్లిప్టిన్ రకం మందులతో అరుదుగా బుల్లస్ పెంఫిగాయిడ్ అనే చర్మవ్యాధి వస్తుంది, విల్డాగ్లిప్టిన్‌తో ఆ ముప్పు మరింత. ముందు వారాల తరబడి దురద, తర్వాత నీళ్ళు నిండిన గట్టి బొబ్బలు. మందు మొదలెట్టిన నెలలకో, ఏళ్ళకో రావచ్చు కాబట్టి బిళ్ళ మీదికి అనుమానం పోదు. ఊళ్ళో అయితే వేడి చేసిందంటాం, ఇక్కడ చలిగాలికి చర్మం ఎండిందంటాం. ఆ బొబ్బలకు స్టెరాయిడ్ బిళ్ళలు వాడితే షుగర్ పెరుగుతుంది. అసలు దోషి మాత్రం పొద్దున్నా రాత్రీ లోపలికి పోతూనే ఉంటుంది.

మందు వికటిస్తే ప్రభుత్వానికి చెప్పాలనే చట్టం ఒకటి ఉంది. 2000లో ఒంటారియో అమ్మాయి వెనెస్సా యంగ్, పదిహేనేళ్ళ పిల్ల, సిసాప్రైడ్ అనే కడుపు మందు వాడుతూ గుండె ఆగి చనిపోయింది. తండ్రి టెరెన్స్ యంగ్ ఎంపీ అయి పోరాడితే 2014లో ఆమె పేరిట చట్టం వచ్చింది. దాని ప్రకారం 2019 డిసెంబరు 16 నుంచి, మందు తీవ్రంగా వికటిస్తే ఆసుపత్రులు 30 రోజుల్లో హెల్త్ కెనడాకు తెలపాలి. ఆసుపత్రులు మాత్రమే! వాకిన్ క్లినిక్కులు, ఫ్యామిలీ డాక్టర్లు, ఫార్మసీలు ఇష్టమైతేనే చెబుతాయి. ఆసుపత్రి గడప తొక్కని బొబ్బల రోగి లెక్కలోకే రాకపోవచ్చు.

అందుకే ఆ బాధ్యత క్లినిక్కులకూ ఫార్మసీలకూ పెట్టాలని, బయటి దేశం నుంచి తెచ్చుకున్న మందుల గురించి ప్రతి రోగినీ అడగాలని మన ఎంపీకి ఉత్తరం రాశాం. ఈ కరపత్రం ఇచ్చినవారి దగ్గరే ఆ ఉత్తరం ఉంది, సంతకం పెట్టండి.

ఈలోగా, బొబ్బలొస్తే మందు సొంతంగా మానేయకండి, వెంటనే డాక్టరుకు చూపించండి. సలహాకు 811. నోట్లో పుళ్ళు, జ్వరంతో పాటు చర్మం ఊడటం, మొహం వాపు కనిపిస్తే ఆగకుండా 911. మందు వికటించిందని మీరే హెల్త్ కెనడాకు చెప్పొచ్చు: 1-866-234-2345. ఇంకో మాట: బిళ్ళలన్నీ ఒలిచి వారం డబ్బాలో పోసినా, పేరున్న అట్ట పారేయకండి. క్లినిక్కుకు డబ్బా కాదు, అట్ట తీసుకెళ్ళండి.