ప్రశ్నార్థకం చోట విలువ: మూలమా, తాత్పర్యమా?



వెబ్ ఫ్రేమ్‌వర్కులతో పనిచేసే యువమిత్రుల నోట తరచుగా వినవచ్చే కోరిక ఒకటి ఉన్నది. తమ ప్రోగ్రాము డేటాబేసును ఏమని అడిగిందో, ఆ క్వెరీ మొత్తం విలువలతో సహా ఒకే వాక్యంగా కంటికి కనబడాలని. కోరిక న్యాయమైనదే. తాను అడిగినదేమిటో తనకే తెలియనివాడు వచ్చిన జవాబును ఎట్లా నమ్మగలడు? అయితే అట్లా కనబడిన వాక్యాన్ని ఎంతవరకు నమ్మాలి, ఎక్కడ ఉంచాలి అన్న విషయంలో నాకొక అభిప్రాయం ఉన్నది. తెలుగు పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాడికి ఈ గొడవ ఎందుకని అనుకోకండి. వాక్యమూ, అన్వయమూ మా వృత్తిలోని సరుకే గదా!

నేను సేకరించిన పద్యాలకు, వ్యాసాలకు ఇంట్లోనే ఒక సూచిక నిర్వహించుకుంటున్నాను. లారవెల్ అనే పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్కు, ఎస్‌క్యూలైట్ డేటాబేసు నా పనిముట్లు. ఫలానా విషయం కింద ఉన్న వ్యాసాలు కావాలంటే నేను ఎస్‌క్యూఎల్ వ్రాయనక్కరలేదు. షరతు ఏమిటో పీహెచ్‌పీలో చెబితే చాలు, క్వెరీని ఫ్రేమ్‌వర్కే కూర్చుతుంది. కూర్చినదానిని ‘టు ఎస్‌క్యూఎల్’ అనే మెథడ్‌తో చూడవచ్చును. చూస్తే విలువ ఉండవలసిన చోట ఒక ప్రశ్నార్థకం మాత్రమే కనబడుతుంది. విలువలు వేరే జాబితాలో ఉంటాయి. వాటిని ‘గెట్ బైండింగ్స్’ అనే మరో మెథడ్ చూపుతుంది. షరతులు పది ఉంటే పది ప్రశ్నార్థకాలు. ఏ విలువ ఏ గుర్తుకు చెందినదో వేలు పెట్టి లెక్కించుకోవాలి. కొత్తవారికి విసుగు పుట్టడంలో వింత లేదు.

ఈ ఎడబాటు ఎందుకు? వ్యాకరణ పరిభాషలో చెబుతాను. వాక్యంలో కర్త, కర్మ, క్రియ అని స్థానాలు ఉన్నాయి. చదువరి శోధన పెట్టెలో టైపు చేసే మాట నామవాచకంగా ఒక స్థానంలో కూర్చోవలసినది. ఆ మాటను నేరుగా క్వెరీ పాఠంలో అతికిస్తే, అందులోని ఒక కొటేషన్ గుర్తు వాక్యాన్ని మధ్యలో ముగించివేయవచ్చు. ఆ తరువాత వచ్చే అక్షరాలు నామవాచకంగా ఉండక క్రియాపదాలై ఆజ్ఞలు జారీచేస్తాయి. అతిథిగా వచ్చినవాడు పెత్తనం చేసినట్లన్నమాట! ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ అనే ఈ దాడిని 1998లోనే ఫ్రాక్ అనే హ్యాకర్ల పత్రిక వివరించింది. దీనికి విరుగుడు వాక్యాన్నీ విలువలనూ విడివిడిగా పంపడం. డేటాబేసు ముందుగా వాక్య నిర్మాణాన్ని గ్రహించి స్థిరపరచుకుంటుంది. తరువాత వచ్చిన విలువ ఎంత గడుసుదైనా ఆ నిర్మాణాన్ని మార్చజాలదు.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉన్నది. నా ఎస్‌క్యూలైట్ వంటి చోట, మనం చూడాలని ఆరాటపడే ‘పూర్తి వాక్యం’ నిజానికి ఎక్కడా పుట్టనే లేదు. ప్రశ్నార్థకాలున్న పాఠం ఒకటి వెళ్ళింది, విలువలు వేరుగా వెళ్ళాయి, అంతే. 2023లో లారవెల్ పదవ సంస్కరణలో ‘టు రా ఎస్‌క్యూఎల్’ అనే మెథడ్ వచ్చింది. అది గుర్తుల చోట విలువలను తగిన కొటేషన్లతో నింపి చక్కని వాక్యాన్ని చూపిస్తుంది. ఉపయోగకరమైనదే, నేనూ వాడుతున్నాను. కాని అది మన కోసం తరువాత అల్లిన వాక్యం. పైథాన్ వారి జాంగో ఫ్రేమ్‌వర్కు ఈ విషయంలో నిజాయితీగా మాట్లాడింది. ఎస్‌క్యూలైట్‌తో పనిచేసేటప్పుడు తాను చూపే క్వెరీ మామూలు అతికింపుతో తిరిగి కట్టినదనీ, తప్పు ఉండవచ్చుననీ, మరోచోట అతికించే ముందు కొటేషన్లు సరిచూసుకోవాలనీ తన పత్రాలలోనే హెచ్చరించింది.

మా తరగతి గదిలో పద్యానికి మూడు మెట్లుండేవి. మూలం, ప్రతిపదార్థం, తాత్పర్యం. ప్రశ్నార్థకాలతో ఉన్న క్వెరీ మూలం. విలువల జాబితా ప్రతిపదార్థం. నింపిచూపిన వాక్యం తాత్పర్యం. తాత్పర్యం ఒక్కటే చదివినవాడు పరీక్షలో గట్టెక్కుతాడు గాని పద్యం వాడికి చిక్కదు. నా వాదన ఇదే: ఫ్రేమ్‌వర్కులు మూలాన్నీ ప్రతిపదార్థాన్నీ పక్కపక్కన చూపడం ఉత్తమం, తాత్పర్యం అడిగినప్పుడే ఇవ్వాలి.

తెలుగువారికి బాగా తెలిసిన ఒక ఉదాహరణ చూడండి. నా సూచికలో ‘బ్లాగ్’ అనే విషయనామం ఉన్నది. కొన్ని నమోదులు ఒక టైపింగు సాధనంతో, కొన్ని మరొకదానితో చేసినవి. పొల్లుతో ముగిసే మాట చివర కొన్ని సాధనాలు కంటికి కనబడని ఒక అక్షరాన్ని చేరుస్తాయి. పొల్లు తరువాతి హల్లుతో కలిసి సంయుక్తాక్షరం కాకుండా ఆపడం దాని పని. మన పాత బ్లాగర్లకు దానితో చిరకాల పరిచయం. మాట చివర అది ఉన్నా లేకపోయినా తెరమీద రూపం ఒక్కటే. ఎస్‌క్యూలైట్ మాత్రం, వేరే ఏర్పాటు చేయకపోతే, బైటుకు బైటు సరిపోల్చుతుంది. కనుక ఒక రూపంతో వెతికితే రెండవ రూపంలో ఉన్న వ్యాసాలు దొరకవు. నింపిచూపిన పూర్తి వాక్యాన్ని ఎన్నిసార్లు చదివినా లోపం కనబడదు. అది మన కంటికోసం అల్లినది, మన కన్నేమో మోసపోతున్నది! అదే విలువను విడిగా తీసి పీహెచ్‌పీలో ‘వార్ డంప్’ చేస్తే, ఒకదానికి 18 బైట్లు, మరొకదానికి 21 బైట్లు అని చెబుతుంది. యూటీఎఫ్ 8లో తెలుగు సంకేతానికి 3 బైట్లు. బ్లాగ్ అన్న మాటకు 6 సంకేతాలు. మిగిలిన 3 బైట్లే అదృశ్యాక్షరం. ప్రతిపదార్థం చూసినవాడికి అర నిమిషంలో తేలే సంగతి తాత్పర్యం చూసినవాడికి పూటంతా తేలదు.

‘పూర్తి వాక్యం ఉంటేనే గదా డేటాబేసు ముందు పెట్టి ఎందుకు ఆలస్యమవుతున్నదో చూడగలం’ అని విజ్ఞులు ఆక్షేపించవచ్చు. ఒప్పుకుంటాను. ఆ పనికి అది అక్కరకు వస్తుంది. అయినా అక్కడకూడా కొంత జాగ్రత్త అవసరం. పోస్ట్‌గ్రెస్ డేటాబేసు ముందుగా సిద్ధపరచిన ఒకే క్వెరీని మొదటి 5 సార్లు ఆయా విలువలను బట్టి ప్రణాళిక వేసి నడుపుతుంది. ఆ తరువాత లాభమనిపిస్తే విలువలతో నిమిత్తం లేని సామాన్య ప్రణాళికకు మారవచ్చు. విలువలు నింపిన వాక్యంతో మనం పరీక్షించినది ఒకటి, అక్కడ నడుస్తున్నది మరొకటి కావచ్చునన్నమాట. క్వెరీలను చిట్టాకు ఎక్కించమన్నప్పుడు అదే పోస్ట్‌గ్రెస్ పాఠాన్ని ఒక పంక్తిలోనూ, విలువలను దాని కింద వరుస సంఖ్యలతోనూ వ్రాస్తుంది. నాకు నచ్చిన పద్ధతి అదే.

అన్నిటికంటె పెద్దమాట చివరకు మిగిల్చాను. విలువలు అంటే మనుషులు. నా సూచికలో అవి పద్యపాదాలు గనుక చింత లేదు. ఆసుపత్రి వారి సైటులో అవి రోగుల పేర్లు, బడి సైటులో పిల్లల మార్కులు, అంగడి సైటులో ఫోన్ నంబర్లు. పరిశీలనకోసమని తెరిచిన చిట్టాను మూయకుండా ప్రజలు వాడే సైటులో వదిలేస్తే, డేటాబేసుకు వేసిన తాళం వ్యర్థమే. ఎవరు చూస్తారో, ఎన్నాళ్ళుంటుందో తెలియని ఫైలులో ఆ విలువలన్నీ పోగుపడుతుంటాయి. పెద్ద సంస్థలకే ఇటువంటి పొరపాటు తప్పలేదు. 2018 మే నెలలో ట్విట్టర్ తన వాడుకరులందరినీ, అంటే సుమారు 33 కోట్ల మందిని, పాస్‌వర్డులు మార్చుకొమ్మని కోరింది. పాస్‌వర్డులు గుప్తరూపంలోకి మారకముందే లోపలి చిట్టాలో ఉన్నవి ఉన్నట్లు నమోదు కావడం దానికి కారణం. అక్కడ చిట్టాకెక్కినది క్వెరీయా, మరొకటా అన్నది ప్రధానం కాదు. విలువను చిట్టాలో పెట్టేవాడు ఒకరి రహస్యాన్ని గోడమీద వ్రాస్తున్నాడన్నదే పాఠం.

కనుక యువమిత్రులకు నా మనవి. మీ సొంత కంప్యూటరులో నేర్చుకునేటప్పుడు ప్రతి క్వెరీనీ తెరచి చూడండి, బద్ధకించకండి. ముందు పాఠం చూడండి, పిదప విలువలు చూడండి, వాటి రకమూ నిడివీ చూడండి. నింపిన వాక్యాన్ని చదువుకోండి గాని దానినే కోడులో తిరిగి అతికించి నడపకండి. ప్రజలు వాడే చోట పాఠం మాత్రమే చిట్టాకెక్కనివ్వండి, విలువలను లోపలే ఉంచండి. పనిముట్లు చేసే పెద్దలకు కూడా ఒక విన్నపం: పూర్తి వాక్యాన్ని చూపే ప్రతిచోటా ‘ఇది కూర్చి చూపినది’ అని ఒక్క మాట చేర్చండి. వ్యాఖ్యాత తన మాటను కవి మాటగా చలామణీ చేయకపోవడం మన సంప్రదాయం. యంత్రానికీ ఆ మర్యాద నేర్పితే మంచిది.

ఈ రంగంలో చేయి తిరిగినవారు మీలో ఎందరో ఉన్నారు. నా వాదనలో పస లేదనిపిస్తే నిర్మొహమాటంగా వ్యాఖ్య వ్రాయండి.

స్వస్తి.